చెప్పుకోలేని చీలిక

పుండు చూస్తే గోరంత... బాధ మాత్రం కొండంత! కూర్చోలేరు, నిలబడలేరు, నోరు విడిచి ఒకరితో చెప్పుకోలేరు. చాలామంది 'మొలలు' అనుకుని ఏళ్ల తరబడి దాచుకునే ఈ బాధ అసలు పేరు ఫిషర్. సకాలంలో గుర్తిస్తే కత్తి అవసరం లేకుండానే తగ్గే అవకాశాలు ఎక్కువ. దాచుకుంటేనే ముదురుతుంది.

మందుల దుకాణంలో జనం పలచబడే దాకా ఓ పక్కన నిలబడి, ఆనక కౌంటరు మీదికి వంగి 'మొలలకేదైనా ఆయింట్‌మెంటు ఉందా?' అని మెల్లగా అడిగే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. నెల్లిమర్లలోనూ ఉంటాడు, పక్కనున్న గరివిడిలోనూ ఉంటాడు, చీపురుపల్లిలోనూ ఉంటాడు. ట్యూబు చేతికి రాగానే జేబులో పెట్టుకుని గబగబా వెళ్లిపోతాడు. తనకున్నది మొలలో మరొకటో ఎవరికీ చూపించుకోడు. ఆడవాళ్లలో చాలామందైతే దుకాణం దాకా కూడా రారు. 'వేడి చేసిందిలే' అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. అమ్మతో చెప్పరు, అత్తతో చెప్పరు, భర్తతో అసలే చెప్పరు.

కడుపునొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ చెబుతాం. పన్ను నొప్పి వస్తే వీధి వీధంతా సలహాలిస్తుంది. ఈ ఒక్క నొప్పి దగ్గరే మనకు సిగ్గు అడ్డం వస్తుంది. మొదట్లో కొద్ది వారాల్లో మానిపోవాల్సిన చిన్న గాయం ముదిరి, చివరికి ఆపరేషన్ బల్ల దాకా రావడానికి చాలాసార్లు ఆ సిగ్గే కారణం.

మొల కాదు... చీలిక!

మలద్వారం లోపల 3, 4 సెంటీమీటర్ల పొడవున ఒక సన్నటి దారి ఉంటుంది. దాని కింది భాగాన్ని కప్పి ఉంచే చర్మం చాలా సున్నితమైనది. వేలి కొసల్లో ఉన్నట్టే అక్కడా నరాలు దండిగా ఉంటాయి. గట్టిపడిన మలం బలవంతంగా బయటికి వచ్చేటప్పుడు ఆ చర్మం చిట్లుతుంది. కాగితం అంచు వేలికి కోసుకున్నప్పుడు ఎలా చురుక్కుమంటుందో తెలుసు కదా! అలాంటి గీతే అక్కడ పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దాన్నే ఫిషర్ అంటారు. ఆయుర్వేద గ్రంథాల్లో దీనికి 'పరికర్తిక' అని పేరు. అంటే కత్తెరతో కత్తిరిస్తున్నట్టుండే బాధ. పేరు పెట్టినవాళ్లు రోగి చెప్పింది శ్రద్ధగా విన్నారన్నమాట.

మొలలు వేరు. మలద్వారంలో మెత్తటి దిండ్లలా ఉండే రక్తనాళాల కణజాలం ఉబ్బి కిందికి జారితే అవి మొలలు, అంటే పైల్స్. లోపలి మొలల్లో రక్తం చుక్కలు చుక్కలుగా పడుతుంది కానీ మామూలుగా నొప్పి ఉండదు. ఫిషర్‌లో రక్తం కొంచెమే. మలం మీద ఎర్రటి చారలా కనిపిస్తుంది. నొప్పి మాత్రం ప్రాణం తోడేస్తుంది. మూడోది ఫిస్టులా, అంటే భగందరం. ఇందులో మలద్వారం పక్కన చిన్న రంధ్రం పడి చీము కారుతుంటుంది. మూడూ ఉండేది ఒకే చోట కాబట్టి జనం మూడింటినీ 'మొలలు' అనేస్తారు. వైద్యం మాత్రం మూడింటికీ మూడు రకాలు.

ఈ పొరపాటుకు మరో కారణం కూడా ఉంది. ఫిషర్ పాతబడేకొద్దీ దాని బయటి కొసన చర్మం చిన్న పులిపిరిలా పెరుగుతుంది. చేతికి తగిలేది అదే. 'అమ్మో, మొల వచ్చేసింది' అనుకుంటారు. డాక్టర్లు దాన్ని 'సెంటినెల్ పైల్' అంటారు. సెంటినెల్ అంటే కాపలాదారు. లోపలున్న చీలికకు గుమ్మం దగ్గర కాపలా కాస్తున్నట్టుంటుంది కాబట్టి ఆ పేరు. పేరులో పైల్ ఉన్నా అది నిజానికి మొల కాదు. దాన్ని మాత్రమే కోసి పారేస్తే లోపలి చీలిక అలాగే ఉండిపోతుంది.

ఎందుకు మానదు?

వేలు తెగితే నాలుగు రోజుల్లో మానుతుంది. మరి ఇంత చిన్న చీలిక నెలల తరబడి ఎందుకు మానదు? జవాబు దాని వెనకున్న కండరంలో ఉంది.

మలద్వారానికి రెండు కండర వలయాలుంటాయి. బయటిది మన చెప్పుచేతల్లో ఉంటుంది. లోపలిది మన మాట వినదు. నిద్రలో కూడా బిగుసుకునే ఉండి తలుపు మూసి ఉంచడం దాని పని. చర్మం చిట్లి నొప్పి పుట్టగానే ఈ లోపలి వలయం ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. మల విసర్జన అయిపోయాక కూడా గంటల తరబడి పీకుతున్నట్టుండేది ఈ బిగింపు వల్లే. ఆ చర్మానికి రక్తం అందాల్సింది ఈ కండరం గుండానే. కండరం బిగిస్తే రక్తం తగ్గుతుంది. రక్తం అందని గాయం మానదు. వెనక వైపు మధ్యభాగానికి అసలే రక్త సరఫరా తక్కువ. పది ఫిషర్లలో సుమారు తొమ్మిది అక్కడే రావడానికి ఇదో ముఖ్య కారణమని చెబుతారు.

దీనికి భయం తోడవుతుంది. నిన్నటి నొప్పి గుర్తొచ్చి ఇవాళ వెళ్లడం మానేస్తారు. రేపు చూద్దాంలే అనుకుంటారు. పెద్దపేగులో ఆగిన మలంలోంచి శరీరం నీటిని పీల్చేస్తూనే ఉంటుంది. మర్నాటికి అది ఇంకా గట్టిపడుతుంది. ఎల్లుండి తప్పనిసరై వెళితే మానుతున్న చోటే మళ్లీ చీలుతుంది. కొందరు మలం రాకూడదని తిండి తగ్గించేస్తారు. తిండి తగ్గితే పీచూ తగ్గుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. నొప్పి, బిగింపు, భయం, మలబద్ధకం, మళ్లీ నొప్పి... గానుగెద్దులా ఇదే తిరుగుడు. ఫిషర్ వైద్యమంతా ఈ తిరుగుడును ఎక్కడో ఒక చోట తెంచడమే.

ఎవరికి వస్తుంది?

పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఎవరికైనా రావచ్చు. యువకుల్లో, మధ్యవయసువారిలో ఎక్కువ. మలబద్ధకమే ప్రధాన కారణం. అయితే రోజుకు పదిసార్లు నీళ్ల విరేచనాలైనా ఆ చర్మం ఒరిసిపోయి చిట్లవచ్చు. అందుకే 'నాకు మలబద్ధకం లేదు కదా, ఇది ఫిషర్ కాదు' అనుకోవడానికి లేదు.

పని తీరు కూడా దీనికి తోడవుతుంది. నెల్లిమర్ల జూట్ మిల్లుతో పెరిగిన ఊరు. మిల్లులో షిఫ్టు పని చేసినవాళ్లకు తెలుసు, కడుపుకు ఒక వేళంటూ ఉండదని. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి. మరమగ్గం నడుస్తుంటే మధ్యలో ఆపి వెళ్లడం కుదరదు. బస్సు డ్రైవర్లదీ, రోజంతా దుకాణంలో ఒక్కరే కూర్చునేవాళ్లదీ ఇదే కథ. వచ్చినప్పుడు వెళ్లకుండా ఆపుకోవడం అలవాటైతే పేగు పిలవడం మానేస్తుంది.

ఈ విషయంలో ఎక్కువ బాధపడింది పల్లెల్లో ఆడవాళ్లు. ఇంట్లో మరుగుదొడ్డి లేక, తెల్లవారక ముందో చీకటి పడ్డాకో తప్ప బయటికి వెళ్లే వీల్లేక ఎన్ని తరాలు ఆపుకున్నాయో! నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని దాహాన్ని కూడా చంపుకున్నారు. 2017 మార్చిలో విజయనగరం జిల్లాలో వంద గంటల్లో పది వేల మరుగుదొడ్లు కట్టే కార్యక్రమం చేపట్టినప్పుడు అందరూ పరిశుభ్రత గురించే మాట్లాడారు. మరుగుదొడ్డి ఉంటే 'వచ్చినప్పుడు వెళ్లడం' అనే చిన్న స్వేచ్ఛ కూడా దొరుకుతుంది. మలబద్ధకానికి అంతకు మించిన మందు లేదు.

కాన్పు సమయంలో పడే ఒత్తిడి వల్ల బాలింతల్లోనూ ఫిషర్ రావచ్చు. ఆడవాళ్లలో కొందరికి చీలిక ముందు వైపు వస్తుంది. పైగా మన దగ్గర బాలింతకు పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తారు, కూరలు మాన్పిస్తారు. దానికి ఐరన్ మాత్రల వల్ల వచ్చే మలబద్ధకం తోడవుతుంది. అలాగని ఐరన్ మాత్రలు మానకూడదు. డాక్టరుతో చెబితే మలం మెత్తబడే మందు జత చేస్తారు.

గోడ మీది వైద్యం

రైల్వేస్టేషన్ దాటగానే గోడల మీద, కరెంటు స్తంభాల మీద కనిపించే ప్రకటనలు చూసే ఉంటారు. 'మొలలు, ఫిషర్, ఫిస్టులాకు ఆపరేషన్ లేకుండా, కోత లేకుండా, ఒక్క రోజులో శాశ్వత నివారణ!' సిగ్గుపడే మనిషికి ఇంతకు మించిన ఆశ ఏముంది? ఎవరికీ తెలియకుండా ఒక్క రోజులో అయిపోతుందంటే అప్పు చేసైనా వెళతాడు.

అర్హత లేని చేతుల్లో అక్కడ జరిగేది ఏమిటి? ఏదో ఇంజెక్షన్ పొడుస్తారు. లేదా చర్మాన్ని కాల్చే మందు పూస్తారు. ఫిషర్‌ను మొల అనుకుని ఇలా చేస్తే పుండు పెద్దదవుతుంది, చీము పడుతుంది. మానేటప్పుడు మచ్చ కట్టి మలద్వారం సన్నబడిపోవచ్చు. కండరం దెబ్బతింటే మలం మీద అదుపే పోవచ్చు. అప్పుడు పెద్దాసుపత్రికి వెళితే అక్కడి సర్జన్‌కు మొదటి రోగం కంటే ఈ వైద్యాన్ని సరిచేయడమే కష్టమవుతుంది.

అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యులు భగందరానికి చేసే క్షారసూత్ర చికిత్సను దీనితో కలపకూడదు. అది వేరు. అల్లోపతి అయినా ఆయుర్వేదం అయినా వైద్యుడి డిగ్రీ ఏమిటో, రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో అడిగే హక్కు మీకుంది.

నెల్లిమర్లవాళ్లు దీనికోసం విశాఖ కేజీహెచ్ దాకా పోనక్కర్లేదు. ఊళ్లోనే మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, అదే మిమ్స్ బోధనాసుపత్రి ఉంది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. అడగాల్సింది జనరల్ సర్జరీ ఓపీ.

డాక్టరు ఏం చేస్తారు?

చాలామందిని ఆపేది ఈ ప్రశ్నే. లోపల ఏవో గొట్టాలు పెడతారేమో, నొప్పి మీద నొప్పి అవుతుందేమో అని భయం. నిజానికి ఎక్కువ మందిలో ఫిషర్‌ను కంటితో చూసే గుర్తుపడతారు. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమంటారు. పిరుదులను మెల్లగా పక్కకు జరిపి చూస్తారు. అంతే. నొప్పి బాగా ఉన్నప్పుడు వేలు పెట్టి, గొట్టం పెట్టి చూడాలని పట్టుబట్టరు. అవసరమైతే నొప్పి తగ్గాక చూస్తారు, లేదా మత్తు ఇచ్చి చూస్తారు. ఆడవాళ్లు లేడీ డాక్టరునో, పక్కన నర్సు ఉండాలనో అడగవచ్చు. అందులో మొహమాటపడాల్సింది లేదు.

మొదటి ఆరు వారాలు

ఆరు వారాల లోపు ఫిషర్‌ను కొత్తదిగా లెక్కిస్తారు. ఈ దశలో సుమారు సగం మందికి తిండి మార్పు, వేన్నీళ్ల కాపడంతోనే గాయం మానిపోతుంది.

మొదటిది మలాన్ని మెత్తబరచడం. రోజుకు 25 నుంచి 35 గ్రాముల పీచు అందాలి. చాలకపోతే ఇసబ్‌గోల్ పొట్టు ఒకటి రెండు చెంచాలు గ్లాసుడు నీళ్లలో కలిపి తాగి, పైన మరో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే ఇసబ్‌గోల్ మేలుకు బదులు కీడు చేస్తుంది. డాక్టర్లు లాక్టులోజ్ సిరప్ లాంటివి కూడా ఇస్తారు. సునాముఖి పొడి లాంటి గట్టి విరేచనకారులు రోజూ వాడి పేగును కొరడాతో తోలకూడదు.

రెండోది వేన్నీళ్ల తొట్టి. దీన్ని సిట్జ్ బాత్ అంటారు. వెడల్పాటి టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి 10, 15 నిమిషాలు కూర్చోవాలి. రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా మల విసర్జన అయిన వెంటనే. వేడికి బిగిసిన కండరం సడలుతుంది. ఉత్త నీళ్లు చాలు. డెట్టాల్ లాంటివి కలిపితే మంట ఎక్కువవుతుంది.

మూడోది పూతమందు. ఇక్కడో ఆసక్తికరమైన సంగతి ఉంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ ఉంది కదా! అది రక్తనాళాలను సడలించినట్టే మలద్వారపు లోపలి కండరాన్నీ సడలిస్తుందని 1990లలో గుర్తించారు. అప్పట్నుంచి దాన్ని ఆయింట్‌మెంటుగా వాడుతున్నారు. తలనొప్పి రావడం దీనితో చిక్కు. బీపీకి వాడే డిల్టియాజెమ్‌ను 2 శాతం పూతమందుగా వాడితే తలనొప్పి తక్కువ. ఇవి 6 నుంచి 8 వారాలు వాడాలి. నొప్పి తగ్గిందని పది రోజులకే ఆపేస్తే చీలిక మళ్లీ తెరుచుకుంటుంది. గుండెజబ్బు మందులు, పురుషుల లైంగిక సమస్యలకు మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. దుకాణంలో అడిగి కొనే ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. వాటిని నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది.

మందు మన వంటింట్లోనే

మన కంచంలో తెల్లన్నం కుప్ప, పక్కన ఓ చెంచాడు కూర. చిక్కంతా ఇక్కడే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన లెక్కల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములకు మించదు. అదే చోళ్లలో 11 గ్రాములు, జామపండులో 8 గ్రాములకు పైనే.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన తాతలకు ఈ లెక్కలేవీ తెలియవు, అవసరమూ రాలేదు. ఆ అంబలి స్థానంలోకి మైదా పరోటా, బొంబాయి రవ్వ ఉప్మా వచ్చాకే లెక్కలు అవసరమయ్యాయి. పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నంతో సమానంగా తోటకూరో గోంగూరో బీరకాయో, సాయంత్రం బజ్జీలకు బదులు జామకాయ. కాలాన్ని బట్టి ఆవ పెట్టిన పనసపొట్టు కూర, తేగలు. ఇందులో కొత్తగా కొనాల్సిందేమీ లేదు. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. కారం ఫిషర్‌ను పుట్టించదు కానీ పుండు మీద మంట పెంచుతుంది. మానేదాకా తగ్గించడం మంచిది.

కూర్చునే తీరు కూడా ముఖ్యమే. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డిలో దారి సాఫీగా ఉంటుంది. కుర్చీలాంటి కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుని మోకాళ్లు పైకి ఉండేలా కూర్చోవాలి. ముక్కకూడదు. సెల్‌ఫోన్ పట్టుకుని అరగంట కూర్చోకూడదు.

కత్తి ఎప్పుడు?

ఆరు నుంచి ఎనిమిది వారాలు శ్రద్ధగా మందులు వాడినా మానకపోతే అప్పుడు తర్వాతి మెట్టు. బొటాక్స్ ఇంజెక్షన్‌తో కండరాన్ని కొన్ని నెలల పాటు సడలించడం ఒక పద్ధతి. ఎక్కువగా చేసేది 'లేటరల్ స్ఫింక్టెరాటమీ' అనే చిన్న ఆపరేషన్. దక్షిణాఫ్రికా సర్జన్ ఐసెన్‌హామర్ 1951లో చూపిన దారిలో వచ్చిందిది. ఇందులో కోసేది పుండును కాదు. బిగుసుకున్న లోపలి వలయాన్ని పక్క నుంచి కొద్దిగా తెగ్గోస్తారు. బిగువు సడలగానే రక్తం అందుతుంది, చీలిక దానంతటదే మానుతుంది. నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. కొద్దిమందిలో గ్యాస్ మీద అదుపు తగ్గే ప్రమాదం ఉంది. కష్టమైన కాన్పులైన ఆడవాళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆపరేషన్‌కు ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఇవి ఉంటే ఆలస్యం వద్దు

* నలభై దాటాక కొత్తగా రక్తం పడటం, బరువు తగ్గడం, మల విసర్జన తీరు మారడం. పెద్దపేగు క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవ్వచ్చు. 'మొలలేలే' అని వదిలేయకూడదు.
* మలం తారులా నల్లగా రావడం, రక్తం ఎక్కువగా పోవడం.
* జ్వరం, పక్కన గడ్డ, చీము.
* చీలిక ముందూ వెనకా కాకుండా పక్కల్లో ఉండటం, ఒకటికి మించి ఉండటం. క్షయ, క్రోన్స్, హెచ్ఐవీ లాంటివి వెనక ఉన్నాయేమో డాక్టర్లు చూస్తారు.

పిల్లలు ఏడుస్తుంటే

పాలు మాన్పించి అన్నం అలవాటు చేసే వయసులో, మరుగుదొడ్డి అలవాటు చేసే వయసులో పిల్లలకు ఫిషర్ రావడం మామూలే. కాళ్లు బిగబట్టి, మూల నక్కి, మొహం ఎర్రబడి ఉంటే అది మొండితనం అనుకుని కొట్టకండి. నొప్పికి భయపడి ఆపుకుంటున్నారన్నమాట. పాలు మరీ ఎక్కువైతే తగ్గించి పండ్లు, పప్పు, నీళ్లు పెంచండి. రక్తం చార కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి. పెద్దల పూతమందులు పిల్లలకు రాయకూడదు.

ఏం చెప్పాలి?

డాక్టరు ఎదుట కూర్చున్నాక మాట రాక, 'గ్యాస్ ట్రబుల్ సార్' అని చెప్పి, గ్యాస్ మాత్రలు తెచ్చుకునేవాళ్లున్నారు. చెప్పాల్సినవి నాలుగే. నొప్పి ఎప్పుడు మొదలై ఎంతసేపు ఉంటోంది? రక్తం చారలా వస్తోందా, చుక్కలుగా పడుతోందా? మలం గట్టిగా ఉందా, పలచగా ఉందా? ఇది మొదలై ఎన్ని వారాలైంది? వీటికి జవాబులు నోటితో చెప్పలేకపోతే ఒక చీటీ మీద రాసి డాక్టరు చేతికిచ్చినా చాలు. మిగతావి వారే అడుగుతారు.